వెండిమచ్చ ఆకులు

నలభయ్యేళ్ళుగా అడవిలో ఆకు కోస్తున్న మనిషి ఎనభై ఆకుల కట్టలో ముప్పయ్యొక్క మచ్చాకులు తెస్తే ఏమనాలి? మీరే చెప్పండి. పైగా ఆ మనిషి మీ మొగుడైతే? నలుగురి ముందూ ఆ కట్ట విప్పి లెక్క చెప్పాల్సింది మీరే అయితే?

మా లా అగ్వాదా ఊళ్ళో షాతే షెడ్డంటే ఓ పొడవాటి బల్ల, ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు నేల, బల్లకు అటూ ఇటూ పదకొండు మంది ఆడవాళ్ళు. మగవాళ్ళు పెద్ద చెట్ల నీడన పెరిగే షాతే మొక్కల ఆకులు కోసుకొస్తారు, మేం ఏరుతాం. పచ్చగా నున్నగా ఉన్నవి పెట్టెల్లోకెక్కి విమానంలో పై దేశాలకు పోతాయి. అక్కడ పూలగుత్తుల్లో పెట్టుకుంటారట, మట్టలాదివారం నాడు చర్చిలో చేత్తో పట్టుకుంటారట. మచ్చ ఉన్నవి షెడ్డు వెనక కుప్పలో పడతాయి. ఇరవయ్యారేళ్ళుగా ఆ బల్ల మొదట్లో కూర్చునేది నేను. ఏరేవాళ్ళకి పెద్దను.

ఆ శనివారం సెవెరో కట్ట విప్పాను. మొదటి ఆకు బాగుంది. రెండోదాని మీద వెండిమచ్చ. మూడోదాని మీద రెండు. నాకు చెవులు వేడెక్కాయి.

"ఏంటమ్మా ఒతీలియా, ఆగిపోయావ్? లెక్క చెప్పు," అంది బెర్నార్దా. ఆవిడ మా సంఘానికి అధ్యక్షురాలు. పలక పక్కన సుద్దముక్క పట్టుకుని నిలబడింది.

"ముప్పయ్యొకటి," అన్నాను.

"ఇరవయ్యొకటా?"

"ముప్పయ్యొకటి! చెవుల్లో దూది పెట్టుకొచ్చావా?"

పది దాటితే కట్ట చెల్లదు. బెర్నార్దా పలక మీద సెవెరో పేరు పక్కన రెండో గీత గీసింది. వరసగా మూడు గీతలు పడితే ఆ మనిషి ఆకు కోసుకునే అడవి వంతు ఇంకొకరికి పోతుంది. సెవెరో వంతు పేరు రామోనాల్. వాళ్ళ నాన్న చేతి నుంచి అతని చేతికి వచ్చింది. పెళ్ళినాటికి నన్నెంత ఎరుగునో గానీ, రామోనాల్‌లో ప్రతి మొక్కా ఎరుగును.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. ఆ మూడు గీతల రూలు పెట్టించింది నేనే. పోయినేడు ఓ లారీ సరుకంతా మచ్చలున్నాయని వెనక్కి తిరిగొస్తే, మీటింగులో బల్ల గుద్ది మరీ పెట్టించాను. నా ఖర్మ.

సెవెరో షెడ్డు గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే నెరీ. ముప్పయ్యేళ్ళు లేవు వాడికి. వాడి వంతు మావారి వంతుకు ఆనుకునే ఉంటుంది. వాడి కట్టలో ఆ రోజు మచ్చాకులు రెండే రెండు.

"పెద్దాయనా, కాస్త వెలుతురు చూసి కొయ్యి మరి," అన్నాడు నెరీ నవ్వుతూ.

సెవెరో టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. ఈ మనిషి ఏమీ అనడు. నలభయ్యేళ్ళ కాపురంలో నేను పడ్డ యాతనంతా అదే.

మీకు తెలియకపోవచ్చు, ఆకు మీద పెరిగే మచ్చలు చాలా రకాలు. తెల్లపొడి లాంటిదీ, నారింజరంగుదీ గోటితో గీకితే పొరలా ఊడొస్తాయి. వెండిమచ్చ అలా కాదు. గుండ్రంగా, అంచులు వంకరటింకరగా, మధ్యలో మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలతో ఉంటుంది. అది ఆకు చర్మం కిందకి దూరి అక్కడే పెరుగుతుంది. గీకితే ఆకే చిరుగుతుంది. పోయినేడు రాజధాని నుంచి భూతద్దం పట్టుకుని ఓ చదువుకునే పిల్ల వచ్చింది. అది తెగులు కాదనీ, లైకెన్ అనీ, స్ట్రిగులా దాని పేరనీ, బూజూ పాచీ కలిసి కాపురం పెడితే అలా అవుతుందనీ, ముదురాకు మీదే పెరుగుతుందనీ, ఆకుకి దానివల్ల పెద్ద బాధేమీ లేదనీ ఒకటే చెప్పింది. "సరే తల్లీ, కొనేవాళ్ళకి కూడా ఈ మాట నువ్వే చెప్పు," అన్నాను. ఆ పిల్ల భూతద్దం సర్దుకుని వెళ్ళిపోయింది. నేనూ అక్కడితో ఆ సంగతి మర్చిపోయాను.

ఇంటికొచ్చి రొట్టెలు కాలుస్తూ అడిగాను.

"నీకు కళ్ళు మసకలొచ్చాయి."

"రాలేదు."

"మరి ఆ మచ్చలు కనబళ్ళేదా?"

అతను రొట్టె తుంచి చిక్కుళ్ళలో ముంచుకున్నాడు. "కనబడ్డాయి."

"కనబడితే ఎందుకు కోశావయ్యా మహానుభావా?"

"చిక్కుళ్ళలో ఉప్పు తక్కువైంది."

చూశారా? ఇదీ వరస. ఈ మనిషిని పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. కళ్ళు పోయాయని ఒప్పుకోవడానికి నామోషీ. ఆ నామోషీతో ఇంకో కట్ట ఇలాంటిదే తెస్తాడు, రామోనాల్ పోతుంది, ఆ తర్వాత పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలీక గుమ్మంలో కూర్చుంటాడు. అడవికి వెళ్ళని సెవెరో ఎలా ఉంటాడో నా ఊహకే అందలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం కుప్పలోంచి అతని మచ్చాకులు కొన్ని గోనెసంచిలో వేసుకొచ్చాను. పెరట్లో పీట వేసుకుని నిమ్మచెక్కతో రుద్దాను. గుడ్డతో రుద్దాను. ఏరేవాళ్ళ పెద్దను, చర్మం కింద ఉన్నదాన్ని పైనుంచి రుద్దితే పోతుందని ఏ దేవుడు చెప్పాడు నాకు? ఆకు చిరిగి చేతిలోకొచ్చింది.

సెవెరో గుమ్మంలోంచి చూస్తున్నాడు. "అది ఊడదు. చర్మం కింద ఉంటుంది."

"నాకు తెలీదా!"

"తెలిస్తే ఎందుకు రుద్దుతున్నావ్?"

"నీకోసమే, దిక్కుమాలినోడా! నీ మొహానికి కళ్ళు లేవు గనక!"

"ఉన్నాయి," అన్నాడు.

సోమవారం నాడు అతన్ని బస్సెక్కించి సాంతా ఎలెనా పట్నం తీసుకెళ్ళాను. మూడు గంటలు గతుకుల రోడ్డు. పక్కసీట్లో ఎవరిదో కోడిపుంజు దారి పొడుగునా నా మోచెయ్యి పొడిచింది. సెవెరో మాత్రం పెళ్ళికెళుతున్నట్టు ఉతికిన చొక్కా వేసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కళ్ళ డాక్టరు గోడ మీద అట్ట చూపించి చదవమన్నాడు. పెద్దక్షరాలు చదివాడు. చిన్నవి చదివాడు. చిట్టచివరి వరస కూడా గడగడా చదివి, "ఆ కింద అచ్చేసిన వాళ్ళ పేరుంది, అదీ చదవాలా?" అన్నాడు. డాక్టరు లైటు వేసి అటూ ఇటూ చూసి నవ్వాడు.

"అమ్మా, మీ ఆయనవి గద్ద కళ్ళు. పన్లో పని, మీ కళ్ళు చూడమంటారా?"

"నా కళ్ళకేం! సరైన మొగుణ్ణి చూసుకోలేకపోయాయి, అంతే," అని బయటికొచ్చేశాను.

సరస్సు ఒడ్డున గట్టు మీద కూర్చున్నాం. అతను వేయించిన చేప కొనుక్కుని ముల్లు తీసి తింటున్నాడు. కళ్ళు బాగుంటే ఇంక మిగిలిందొకటే.

"కావాలనే కోశావా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి ఊఁ! ఇరవయ్యారేళ్ళు ఆ బల్ల ముందు తలెత్తుకుని కూర్చున్నాను. నా లెక్కతో నీ పేరు మీద గీతలు గీయించావు. నెరీ గాడు నిన్ను చూసి నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు చేశావో చెప్పి చావు!"

"చెప్పనా, తిడతావా? రెండూ ఒకేసారి కుదరవు."

"ముందు తిడతాను."

"సరే," అని చేప తినడంలో పడ్డాడు.

తిట్టాను. మనసారా తిట్టాను. వాళ్ళమ్మ దగ్గర మొదలుపెట్టి బస్సులో కోడిపుంజు దాకా వచ్చాను. పడవవాడొకడు ఆగి విన్నాడు. నాకు ఊపిరి ఆడక ఆగాక, సెవెరో చేతులు తుడుచుకున్నాడు.

"రేపు నాతో అడవికి రా. నోటితో చెబితే నాకు సరిగ్గా రాదు," అన్నాడు.

నేను అడవిలోకి వెళ్ళి పన్నెండేళ్ళయింది. మేమంతా షెడ్డు వాళ్ళం, మా ప్రపంచం కట్ట దగ్గర మొదలై పెట్టె దగ్గర ఆగిపోతుంది. మోకాళ్ళ దాకా బురద, చెవుల్లో దోమలు, నెత్తి మీద కోతుల అరుపులు. నా బూటు రెండుసార్లు బురదలో ఉండిపోయింది. రెండుసార్లూ అతనే తీసి తొడిగాడు. ముందు నెరీ వంతు మీదుగా నడిపించాడు.

"చూడు," అన్నాడు.

నాకు మొదట ఏమీ కనబళ్ళేదు. తర్వాత చూశాను. షాతే మొక్కలున్నాయి గానీ ఆకుల్లేవు. వేలంత సన్నని కాడ, దాని చివర విచ్చుకోని మొలక ఒక్కటి. మేం నడిచిన దారి పొడుగునా అంతే, వంతు కొసన మాత్రం ఇంకా కొన్ని ఆకులు మిగిలాయి. కొన్ని కాడలు ఎండి పుల్లల్లా నిలబడ్డాయి.

"నెరీ కట్టలు ఎంత శుభ్రంగా ఉంటాయో చూశావుగా," అన్నాడు సెవెరో.

చూడకేం. పోయిన నెల్లో వాడి కట్ట ఎత్తి చూపించి, "ఇదీ కోతంటే!" అని అందరి ముందూ మెచ్చుకున్నది నేనే.

దాటి రామోనాల్‌లోకి వచ్చాం. అక్కడ మొక్కలకి ఆకులున్నాయి. మొక్కకి పైన మూడేసి, పచ్చగా, ఒక్క మచ్చ లేకుండా. సెవెరో ఓ మొక్క దగ్గర గొంతుక్కూర్చుని, అన్నిటికంటే కింద వాలిన ఆకు పట్టుకున్నాడు. దాని నిండా వెండిమచ్చలు.

"ఈ మచ్చ ఇంత పెరగాలంటే రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది. అంటే ఈ ఆకు మొక్కకి చెయ్యాల్సిన పని చేసేసింది. దీన్ని కోసుకుంటే దానికేం పోదు. ముందు మొక్కకి అయిదారు ఆకులుండేవి. నడిమివి చూసి కోసేవాణ్ణి, మచ్చ పడకముందే. రెండేళ్ళ నుంచి వానలు అదను తప్పాయి, కొత్తాకు రావట్లేదు. నడిమివి అయిపోయాయి. ముదురువి ఉన్నాయి, ఈ మూడు ఉన్నాయి. ఈ మూడూ కోస్తే అది ఏం తిని బతుకుతుంది?"

అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం మా పెద్దదాని పెళ్ళి తర్వాత అదే మొదటిసారి.

"ఈ సంగతి మీటింగులో చెప్పి ఏడవొచ్చు కదా!" అన్నాను.

"లేచాను."

"ఎప్పుడు లేచావ్?"

"రూలు పెట్టిన రోజు. 'సాకులు చెప్పకు, కూర్చో' అన్నావు."

"నేనన్నానా?"

"అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు."

నాకు గుర్తులేదు. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. అతను అది మనసులో పెట్టుకుని కూడా అనలేదు, వానొచ్చింది అన్నట్టు మామూలుగా అన్నాడు. అప్పుడు నాకు అతని మీద ఇంకా కోపం వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

బుధవారం పొద్దున్నే బెర్నార్దా ఇంటికెళ్ళాను. ఆవిడ మొక్కజొన్న కడుగుతోంది. ఉన్నదంతా చెప్పాను, రూలు మార్చమన్నాను.

"ఇప్పుడా? నీ మొగుడికి రెండు గీతలు పడ్డాక?" అంది.

"నా మొగుడి సంగతి కాదు. మొక్కలు చచ్చిపోతున్నాయి."

"నువ్వు చెప్పేది నిజమే అనుకో. లారీ తిరిగొచ్చినప్పుడు ఏడ్చింది ఎవరు? పదకొండు మంది ఆడవాళ్ళకి పని పోతుందని గుండెలు బాదుకుంది ఎవరు? కొనేవాళ్ళు మచ్చాకు తీసుకోరు ఒతీలియా. మట్టలాదివారానికి చేతిలో మచ్చాకు పట్టుకుంటారా వాళ్ళు? వచ్చే మీటింగులో పెడదాంలే."

"మీటింగు రెండు నెలల తర్వాత కదా. గీత ఈ శనివారమే పడుతుంది!"

"మరి మీ ఆయన్ని ఈ ఒక్కసారీ మంచాకు తెమ్మను. ఒక్క మంచి కట్ట వస్తే గీతలన్నీ చెరిపేస్తాం, రూలు నీదే కదా. లేకపోతే నెరీ ఎప్పట్నుంచో రామోనాల్ అడుగుతున్నాడు."

నెరీ చేతికి. ఆ మూడేసి ఆకులూ ఒక్క వారంలో ఊడ్చేస్తాడు వాడు. నేను కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

దారిలో ఒక నిర్ణయానికొచ్చాను. కట్ట లెక్క చెప్పేది నేను. ఇరవయ్యారేళ్ళలో నా లెక్కని మళ్ళీ ఎవరూ సరిచూడలేదు. శనివారం సెవెరో కట్ట విప్పుతాను, మచ్చాకులు కిందికీ మంచాకులు పైకీ సర్దుతాను, "ఏడు" అంటాను. అంతే. కుప్పలో పడాల్సినవి పెట్టెలోకెళ్ళకుండా ఆ తర్వాత ఎలాగో నేనే చూసుకుంటాను. అబద్ధమే. కానీ ఎవరి కోసం ఆడుతున్నానో నాకు తెలుసు.

ఈ సంగతి సెవెరోకి చెప్పలేదు. చెబితే వద్దంటాడు. బుధవారం, గురువారం, శుక్రవారం నా పని నేను చేసుకున్నాను. చిక్కుళ్ళలో ఉప్పు సరిగ్గా వేశాను. బురద బూట్లతో ఇంట్లోకొస్తే తుడిచేసి ఊరుకున్నాను. అతను నా వంక రెండు మూడుసార్లు వింతగా చూశాడు.

శనివారం అందరి కట్టలూ వచ్చాయి. సెవెరో రాలేదు. పదకొండయింది. నెరీ కట్ట విప్పాను, ఒక్కటి మచ్చాకు. "ఒకటి," అన్నాను. ఈసారి మెచ్చుకోలేదు. వాడు మెప్పు కోసం కాసేపు నిలబడి వెళ్ళి గోడకానుకున్నాడు.

అప్పుడొచ్చాడు సెవెరో. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. కట్ట నా ముందు పెట్టి, ఎప్పట్లాగే వెళ్ళి గుమ్మంలో నిలబడకుండా, బల్ల పక్కనే ఆగిపోయాడు.

బెర్నార్దా సుద్దముక్క తీసింది. ఆడవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. ముడి విప్పాను. ఎడమచేత్తో మచ్చాకులు కిందికి నెట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

మొదటి ఆకు బాగుంది. రెండోది బాగుంది. మూడోది. పది తిప్పాను, ఇరవై తిప్పాను. అన్నీ లేత ఆకులే, కాడ దగ్గర ఇంకా తెల్లగా, చేతికి మెత్తగా. ఎనభై ఆకులు తిప్పాను. వెండిమచ్చ కాదు కదా, దోమ కుట్టినంత చుక్క కూడా లేదు.

"ఎన్ని?" అంది బెర్నార్దా.

నేను కట్ట మళ్ళీ మొదట్నించీ తిప్పడం మొదలుపెట్టాను. ఆవిడే వంగి చూసి, "అమ్మ మరియమ్మ తల్లీ! అద్దంలా ఉన్నాయి. ఒక్కటీ లేదు!" అని పలక మీద రెండు గీతలూ అరచేత్తో తుడిచేసింది. బల్ల చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు.

"డాక్టరు మందు బాగా పనిచేసినట్టుంది పెద్దాయనా!" అని అరిచాడు నెరీ. మనసులో ఏముందో గానీ, వాడూ చప్పట్లు కొట్టాడు.

నేను తల వంచుకుని, ఒక్క సెవెరోకే వినబడేలా అడిగాను. "ఏంటిది?"

"మూడు రోజుల్నించి నువ్వు నన్ను తిట్టలేదు," అన్నాడు నెమ్మదిగా. "అప్పుడే అర్థమైంది ఏం చెయ్యబోతున్నావో. ఇంతమందిలో నీచేత అబద్ధం ఆడిస్తానా?"

"నేను ఆడేదాన్ని. ఆడటానికే వచ్చాను ఇవాళ!"

"తెలుసు."

"ఎన్ని మొక్కలు?"

అతను ఆకుల వంక చూశాడు.

"ఎన్ని మొక్కలు, సెవెరో?"

"ఇరవయ్యేడు," అన్నాడు. "అన్నిట్లో కొంచెం కొంచెం కోస్తే అన్నీ నీరసిస్తాయి. అందుకని ఇరవయ్యేడు చూసి, వాటివే మూడేసి ఆకులూ కోసేశాను. ఆఖరిదానికి ఒక్క ఆకు మిగిలింది."

ఆ షెడ్డులో నేనెన్నోసార్లు గొంతు లేపాను గానీ, ఆ రోజు అరిచినట్టు ఎప్పుడూ అరవలేదు. మూర్ఖుడా అన్నాను, మొండిఘటమా అన్నాను, నన్నడక్కుండా నీకెవరు చెప్పారు అన్నాను, నా అబద్ధం నేనాడుకుంటే నీకేం నొప్పి అన్నాను. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఆగటం లేదు. జనం బిత్తరపోయారు. మచ్చాకులు తెచ్చినప్పుడు ఒక్కమాట అనని మనిషి, ఊళ్ళోకల్లా మంచి కట్ట తెచ్చినందుకు మొగుణ్ణి తిడుతోంది, దీనికి మతిపోయిందని అనుకున్నారు. బెర్నార్దా నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. సెవెరో మాత్రం టోపీ చేత్తో పట్టుకుని, అన్నీ వింటూ, నా ముందు అలాగే నిలబడ్డాడు.